బొద్దుగా ఉండటం పాపమా?



ముప్పై ఒక్క సంవత్సరాలు డ్రిల్లు మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాణ్ణి. ఈల ఊదడమే గాని వ్రాత నాకు అలవాటు లేదు. అయినా ఈ శీర్షికకు ఏదైనా వ్రాయమని మా విచారణ గురువులు అడిగినప్పుడు, చాలా ఏళ్లుగా నన్ను వదలని ఒక కాగితం ముక్క గుర్తుకు వచ్చింది.

అది 1993. నేను పనిచేసే బడిలో ఏడవ తరగతి చదివే ఒక పిల్లవాడి తల్లి మధ్యాహ్నం పూట వచ్చి ఆ కాగితాన్ని నా బల్లమీద పెట్టింది. క్రిస్మసుకు ముందు పాపసంకీర్తనానికి వెళ్లే పిల్లలు మరచిపోకుండా తమ తప్పులు చీటీ మీద వ్రాసుకొంటారు గదా, అటువంటి చీటీ. ఉతకడానికి తీసిన నిక్కరు జేబులో దొరికిందట. "చదవకూడదని తెలుసు మాస్టారండీ. మొదటి వరుస కంట పడింది. మిగతాది నేను చూడలేదు" అని, ఆ ఒక్క వరుస కనబడేంత వరకే మడత విప్పి చూపించింది. గుండ్రని అక్షరాలతో వ్రాసి ఉంది: నేను లావుగా ఉన్నాను.

"ఇది పాపమని వీడికి ఎవరు చెప్పారండీ?" అని అడిగింది. ఆమె నన్ను నిందించడానికి రాలేదు. నిజంగానే తెలియక, జ్ఞానోపదేశం చెప్పే సిస్టరుగారిని అడగాలో నన్ను అడగాలో తేలక వచ్చింది. కాని జవాబు నాకు తెలుసు. డ్రిల్లు పీరియడులో ఆ పిల్లవాణ్ణి "గుమ్మడికాయ" అని పిలిచినవాణ్ణి నేనే. వెనుకబడినందుకు శిక్షగా గ్రౌండు చుట్టూ అదనంగా రెండు రౌండ్లు తిప్పినవాణ్ణి నేనే. తరువాత వాడు కడుపునొప్పి అని చీటీలు తేవడం మొదలుపెడితే, వీడు సోమరి అని రిజిస్టరులో వ్రాసినవాణ్ణీ నేనే. వాడి మేలు కోరి చేస్తున్నాననే అనుకొన్నాను. ఆమెకు ఏదో చెప్పి పంపించాను. ఏం చెప్పానో గుర్తు లేదు. నిజం చెప్పలేదని మాత్రం గుర్తుంది.

ఆనాటి నుంచి ఈ ప్రశ్న నాతోనే ఉంది. లావుగా ఉండటం తప్పా? తప్పయితే ఎవరి తప్పు?

మీరు తొందరపడి "ఛ, పసివాడి తప్పేమిటి" అనకండి. మాటల్లో అలా అంటాము గాని, ఇళ్లలో మనం వాడే మాటలు వేరు. చుట్టాలు రాగానే పిల్లవాడి ఎదుటనే "తిండి తగ్గించరా", "ఒళ్లు వంచడు, అంతా సోమరితనం" అంటాము. తిండిపోతుతనం, సోమరితనం. చిన్నప్పుడు మనం వల్లెవేసిన ఏడు మూల పాపాలలో ఇవి రెండు. బొద్దుగా ఉన్న పిల్లవాడి ఒంటిమీద ఈ రెండు పేర్లూ అతికించేసి, సరదాకి అన్నామనుకొంటాము. పిల్లవాడు సరదాకి తీసుకోడు. వాడికి జ్ఞానోపదేశం మనకన్నా బాగా గుర్తుంటుంది.

పునీత తోమాసు అక్వినాసు వారు సోమరితనాన్ని గురించి వ్రాసినప్పుడు ఆయన ఉద్దేశించినది కాళ్లు కదపని శరీరాన్ని కాదు. దేవుడిచ్చే మేలు ఎదుట మనసుకు కలిగే విచారాన్ని, విసుగును. అలాగే తిండిపోతుతనమంటే నడుము కొలత కాదు, కోరిక అదుపు తప్పడం. ఎముకల గూడులా ఉన్నవాడు కూడా తిండిపోతు కావచ్చు. (అక్వినాసు వారు స్వయంగా స్థూలకాయులని సంప్రదాయంగా చెప్పుకొంటారు. ఆయన వ్రాసిన పుస్తకాల బరువు తూచినవారెవరూ ఆయనను సోమరి అనలేరు.) కాబట్టి అద్దంలో చూసి పాపం కనిపెట్టే పద్ధతి మన శాస్త్రంలో లేదు. నేను పెట్టుకొన్నది నా సొంత శాస్త్రం.

సరే, పుస్తకాల మాట అలా ఉంచి ఒక పిల్లవాడి దినచర్య చూద్దాం. నిరుడు విజయవాడలో మా అమ్మాయి ఇంట్లో నెల రోజులున్నాను. మనవడికి పదేళ్లు. బొద్దుగా ఉంటాడు. పాత అలవాటు పోక, ఒక మంగళవారం వాడు ఎప్పుడెప్పుడు ఒళ్లు కదిపాడో క్యాలెండరు కాగితం వెనుక వ్రాసుకొన్నాను. బడిలో సంగతి వాడినే అడిగి తెలుసుకొన్నాను. ఉదయం 5.45కి లేచి పుస్తకం ముందు కూర్చున్నాడు. 7.10కి వ్యాను. బడి నాలుగంతస్తుల అద్దె భవనం. ప్రార్థన వరండాలో నిలబడి. వారానికి రెండు డ్రిల్లు పీరియడ్లు టైముటేబులులో ఉన్నాయి; ఒకటి లెక్కల మాస్టారు తీసుకొంటారు, రెండోదానిలో తరగతిలోనే చదరంగం. సాయంత్రం 4.40కి వ్యాను దిగి, లిఫ్టులో ఇంటికి వచ్చి, పాలు తాగి, 5.15కి అదే అపార్టుమెంటులో రెండో అంతస్తుకు ట్యూషనుకు వెళ్లాడు. అదీ లిఫ్టులోనే. 7.30కి వచ్చి హోంవర్కు. తొమ్మిదికి సెల్ ఫోను చూస్తూ అన్నం. కూడితే, కాళ్లకు పని తగిలినది మొత్తం 23 నిమిషాలు. ఆదివారం కూడా లెక్క వేశాను. గుడి ఇంటికి ఒక కిలోమీటరు. పూజకు కారులో వెళ్లాము. వచ్చాక టీవీ, ఫోను, నిద్ర. 11 నిమిషాలు.

ఇది మా ఇంటి వింత అనుకోకండి. సెలవు రోజుల్లో పిల్లలు బడి రోజులకన్నా తక్కువ కదులుతారని పలు దేశాల్లో కొలిచి చూసినవారు చెబుతున్నారు. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా చెమట పట్టేలా, ఊపిరి వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. 2016 నాటి లెక్కల ప్రకారం లోకంలో 11-17 ఏళ్ల పిల్లల్లో నూటికి 81 మందికి ఆ 60 నిమిషాలు లేవు. మగపిల్లల్లో నూటికి 78, ఆడపిల్లల్లో నూటికి 85. ఆడపిల్లల సంగతి మీకు వేరే చెప్పనక్కరలేదు. పెద్దమనిషి అయిన మరునాటి నుంచి "ఇంకా గంతులేమిటే" అన్నది ఎవరో మన ఇళ్లలో అందరికీ తెలుసు.

ఆ మంగళవారాన్ని మళ్లీ చూడండి. పదేళ్లవాడు తెల్లవారక ముందు నుంచి రాత్రి తొమ్మిది దాకా పుస్తకం ముందు కూర్చొని పనిచేశాడు. మా అల్లుడు బ్యాంకులో అంతసేపు పనిచేస్తే యూనియనువాళ్లు ఊరుకోరు. అటువంటి పిల్లవాణ్ణి పట్టుకొని సోమరి అంటున్నాము! వాడు చెప్పినట్లు వినబట్టే కదలకుండా ఉన్నాడు. చిన్నప్పటి నుంచి మనం వాడికి ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: కదలకుండా కూర్చో.

"మాస్టారూ, అదే బడిలో, అదే ట్యూషనులో సన్నగా ఉన్న పిల్లలూ ఉన్నారుగా? ఆటకు వదిలినా ఈ లావు పిల్లలు పక్కన నిలబడతారు" అని మీరనవచ్చు. నిజమే, నేనూ కళ్లారా చూశాను. అమెరికాలో జీన్ మేయర్ అనే పోషకాహార శాస్త్రవేత్త, ఆయన తోటివారు వేసవి శిబిరంలో ఆడుతున్న బాలికలను సినిమా కెమెరాతో కాసేపటికొకసారి కొన్ని సెకన్లు చొప్పున చిత్రించి, 1964లో ఆ ఫలితాలు ప్రచురించారు. అదే టెన్నిసు, అదే వాలీబాల్, అదే సమయం. కాని లావుగా ఉన్న బాలికలు ఎక్కువ భాగం కదలకుండా నిలబడి ఉన్నట్లు ఫిల్ములో తేలింది. ఆటలో ఉన్నారు గాని ఆడలేదు. దీన్ని చదివి నేను మొదట సంతోషించాను సుమా, నా రిజిస్టరులో వ్రాసినది నిజమైందని.

కాని ఎందుకు నిలబడ్డారు? ఫిల్ము అది చెప్పదు. మీ వీపున 20 కిలోల బియ్యం బస్తా కట్టి కబడ్డీ ఆడమంటే మీరు ఎంతసేపు ఆడతారు? అంత బరువు ఎక్కువగా మోస్తున్న పిల్లవాడికి ప్రతి అడుగూ పక్కవాడికన్నా ఖరీదు. ఊపిరి ముందు అందదు. తొడలు రాసుకొని మండుతాయి. చొక్కా తడిసి ఒంటికి అంటుకొంటే నలుగురూ చూస్తారు. వాడు పరుగెత్తితే నవ్వు, నిలబడితే తిట్టు. జట్లు పంచుకొనేటప్పుడు ఆఖరున మిగిలేది వాడే. అందుచేత వాడంతట వాడే ఒక చోటు వెతుక్కొంటాడు. గోలు ముందు నిలబడతాడు, స్కోరు వ్రాస్తానంటాడు, చెప్పులకు కాపలా ఉంటాడు. ఆ చోటే వాడికి మిగిలిన మర్యాద. దాన్నే నేను కడుపునొప్పి నాటకం అనుకొన్నాను.

ఏది ముందు, ఏది వెనుక అన్న ప్రశ్నకు ఇంగ్లాండులోని ప్లిమత్ నగరంలో ఓపికగా జవాబు వెతికారు. సుమారు 200 మంది పిల్లలను ఏడేళ్ల వయసు నుంచి పదేళ్ల వరకు ఏటా పరీక్షించారు. నడుముకు చిన్న కొలత యంత్రం కట్టి వారం రోజుల కదలికలను లెక్కించారు, ఒంట్లో కొవ్వు ఎంత ఉందో చూశారు. 2011లో ప్రచురించిన వారి నిర్ణయం నాకు చెంపదెబ్బలా తగిలింది. కదలిక తక్కువైన పిల్లలు తరువాత లావైనట్లు వారి లెక్కల్లో తేలలేదు. లావైన పిల్లలే తరువాత కదలిక తగ్గించుకొన్నారు. ఒక్క ఊరి పిల్లల మీద చేసిన పరిశీలనతో అంతా తేలిపోయిందని నేననను. లావుకు కారణాలు చాలా ఉన్నాయి: కని పెంచిన వారి నుంచి వచ్చిన ఒంటి తీరు, పొట్లాల్లో దొరికే చిరుతిండ్లు, తీపి పానీయాలు, నిద్ర చాలకపోవడం, మన అమ్మమ్మల ప్రేమ కూడా. (ఆకలి చూసిన తరం అది. "బొద్దుగా ఉంటేనే ముద్దు" అని నేతి ముద్దలు పెట్టిన చేతుల్ని తప్పు పట్టడానికి నాకు మనసు రాదు.) అయినా ఒక్క విషయం నాకు చాలు. నేను కారణమనుకొన్నది ఫలితం కావచ్చు. అలా కావచ్చునన్నప్పుడు, పన్నెండేళ్లవాడి మీద తీర్పు వ్రాసే అధికారం నాకు ఎక్కడిది?

అదే దేశంలో అంతకు ముందు మరో పరిశీలన జరిగింది, 2003లో ప్రచురించారు. మూడు బడులు. ఒకదానిలో వారానికి తొమ్మిది గంటలు వ్యాయామం, మిగతా రెండింటిలో రెండేసి గంటలు, కాస్త అటూ ఇటూ. కాని మొత్తం వారం లెక్కిస్తే మూడు బడుల పిల్లల కదలిక ఇంచుమించు సమానం. బడిలో ఆట తక్కువైనవారు ఇంటికి వెళ్లాక ఆడి సరిపెట్టుకొన్నారు! పిల్లల శరీరం తనకు రావలసిన బాకీ తానే వసూలు చేసుకొంటుందన్నమాట. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి చెరువుగట్టు గుర్తుకు వచ్చింది. బడిలో డ్రిల్లు ఉన్నా లేకపోయినా, పుస్తకాల సంచి అరుగుమీద విసిరేసి ఏడుపెంకులాట, నేలబండ, తొక్కుడుబిళ్ళ అంటూ దీపాలు పెట్టేదాకా బాకీ వసూలు చేసుకొనేవాళ్లం.

మరి మా మనవడు ఆ బాకీ ఎప్పుడు వసూలు చేసుకోవాలి? సాయంత్రం ట్యూషనుకు ఇచ్చాము. వీధి స్కూటర్లకు, కార్లకు ఇచ్చాము. అపార్టుమెంటు సెల్లారులో బంతి ఆట నిషేధమని అసోసియేషను బోర్డు పెట్టింది, ఎవరిదో కారు అద్దం పగిలిందని. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతుంది. మనం ఫీజు కట్టేటప్పుడు ర్యాంకుల ఫోటోలు చూశాం గాని గ్రౌండు ఎక్కడని అడగలేదు. మా అమ్మాయిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. "నాన్నా, ఇద్దరం ఉద్యోగాలకు వెళితే వాణ్ణి ఒంటరిగా రోడ్డు మీదకు ఎలా వదలను?" అంది. ఆమె భయం నిజమైనది. అందరు తల్లిదండ్రులూ ఇలాగే తలా ఒక న్యాయమైన కారణంతో తలా ఒక గంట తీసుకొన్నారు. చివరకు పిల్లవాడికి ఏమీ మిగల్లేదు. తీసుకొన్నవారిలో దుర్మార్గులెవరూ లేరు. అందుకే ఈ తప్పును ఎవరూ పాపసంకీర్తనంలో చెప్పుకోరు. చెప్పుకొన్నవాడు ఆ ఏడవ తరగతి పిల్లవాడొక్కడే.

"అయితే పిల్లవాడికి బాధ్యతే లేదా? ఏం చేసినా సమాజం మీద తోసేయడమేనా?" ఈ ప్రశ్న మా విచారణ గురువులే అడిగారు. బాధ్యత ఉంది. స్వేచ్ఛ ఎంత ఉందో అంత ఉంది. పదేళ్లవాడు ఏ బడిలో చేరాలో, ఎన్నింటికి లేవాలో, ఇంట్లోకి ఏ పొట్లాలు రావాలో వాడు నిర్ణయించడు. లిఫ్టా మెట్లా అన్నది నిర్ణయించగలడు; తమ్ముడి వాటా తినాలా వద్దా అన్నది నిర్ణయించగలడు. పెరిగేకొద్దీ ఇంకా నిర్ణయించగలడు. తాను చేసినదానికి, తనకు జరిగినదానికి తేడా వాడికి నేర్పడమే అసలు జ్ఞానోపదేశం. "నేను పంచదార దొంగిలించాను" అన్నది ఒక వాక్యం. "నేను లావుగా ఉన్నాను" అన్నది మరొక రకం వాక్యం. ఈ రెండూ ఒకే చీటీలో చేరితే, పిల్లవాడికి చేసిన తప్పు దిద్దుకోవడం చేతకాదు. తనను తాను అసహ్యించుకోవడం మాత్రం వస్తుంది.

నా వృత్తి తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. పరుగును శిక్షగా వాడాను. అల్లరి చేసిన పిల్లవాడిచేత పరలోక జపం నూరుసార్లు వ్రాయించే టీచర్లుండేవారు; అలా వ్రాసినవాడికి జపం మీద ప్రీతి పెరుగుతుందా? రౌండ్లు తిప్పించిన పిల్లవాడికి పరుగు మీదా అంతే. దేవుడు కాళ్లకిచ్చిన ఆనందాన్ని జరిమానాగా మార్చాను.

ఇప్పుడు మరో రకం పొరపాటు జరుగుతోంది. డాక్టరుగారు చెప్పారని పిల్లవాణ్ణి కరాటేకో ఈతకో పంపుతారు. మూడు నెలలకు బరువు తూచి, తగ్గలేదని మానిపిస్తారు. ఫీజు దండగట! ఆ ప్లిమత్ పరిశీలనలోనే మరో సంగతి ఉంది. ఎక్కువ కదిలిన పిల్లలకు బరువు పెద్దగా తగ్గకపోయినా, రక్త పరీక్షల్లో ఆరోగ్యం మెరుగైంది. తూకంలో కనబడని మేలు అది. అసలు రోగం తగ్గించే మాత్రలాగా మాత్రమే ఆటను ఇవ్వడం నాకు నచ్చదు. సన్నని పిల్లవాడు ఆడితే ఆట, లావు పిల్లవాడు ఆడితే వైద్యమా? ఆట పిల్లవాడికి రావలసినది. ఆటలో మితి మీరడమే కాదు, ఆట బొత్తిగా లేకపోవడం కూడా దోషమేనని అక్వినాసు వారు ఏడు వందల ఏళ్ల క్రితమే వ్రాశారు. పునీత డాన్ బోస్కో వారు టూరిన్ నగరపు వీధిపిల్లల కోసం ప్రార్థనాలయం పక్కనే ఆటస్థలం పెట్టారు. పిల్లల్ని పరుగెత్తనివ్వండి, గెంతనివ్వండి, గోల చేయనివ్వండని 1877లో తన విద్యాపద్ధతిని వివరిస్తూ వ్రాశారు. జెకర్యా ప్రవక్త దేవుని నగరం బాగుపడే రోజును వర్ణిస్తూ (8వ అధ్యాయం) వీధుల నిండా ఆడుకొనే బాలబాలికలను చూపించారు. వారిలో ఎవరు సన్నం ఎవరు లావు అని ఆయన చెప్పలేదు.

మా మనవడి సంగతి చెప్పమంటారా? ఆదివారం ఇద్దరం నడిచే గుడికి వెళ్లాము. మొదటి వారం రెండుసార్లు కూర్చున్నాడు; నేను మూడుసార్లు కూర్చున్నాను. వారానికి రెండు రోజులు ట్యూషను మాని, మేడమీద షటిల్ ఆడాము. కాకు తోక ఊడిపోయేదాకా ఆడేవాడు. మా అమ్మాయి బరువు చూస్తానంటే వద్దన్నాను. ఇప్పుడు వాడికి కావలసినది తనకన్నా నెమ్మదిగా పరుగెత్తే తోడు. ముసలి తాతలందరికీ ఈ ఉద్యోగం దొరుకుతుంది.

ఒక మనవి కూడా ఉంది. మా గుడి ఆవరణ పెద్దది. పూజ అయిన పది నిమిషాలకు గేటు వేసేస్తారు. ఉన్న కాసేపూ "పరుగెత్తకండి" అని పెద్దలం అరుస్తుంటాం. వాహనాలు ఒక పక్కకు పెట్టించి, ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఆ గేటు తెరిచి ఉంచితే చాలు. జట్లు కట్టవద్దు, బహుమతులు పెట్టవద్దు, ఈల ఊదేవాడు అసలే వద్దు. కనిపెట్టుకొని ఉండటానికి ఇద్దరు పెద్దలు కుర్చీలు వేసుకొంటే సరిపోతుంది. ఒక కుర్చీ నాది. మీ విచారణలో రెండో కుర్చీ ఎవరిదో మీరు చూసుకోండి.

ఆ ఏడవ తరగతి పిల్లవాడికి ఇప్పుడు నలభై దాటాయి. వేరే ఊళ్లో ఉద్యోగం, పెళ్లి, ఇద్దరు పిల్లలు. ప్రతి క్రిస్మసుకూ ఫోను చేస్తాడు. ఇన్నేళ్లూ శుభాకాంక్షలు చెప్పి పెట్టేసేవాణ్ణి. మొన్నటి క్రిస్మసుకు ధైర్యం చేసి, "బాబూ, అప్పట్లో నిన్ను శిక్షగా రౌండ్లు తిప్పించాను, నలుగురిలో పేరు పెట్టి పిలిచాను. అది నా తప్పు. క్షమించు" అన్నాను. వాడు నవ్వాడు. "రౌండ్లు నాకు గుర్తే లేవు మాస్టారూ. ఆ పేరు మాత్రం మా ఊరికి వెళితే ఇంకా కొందరు పిలుస్తారండీ" అన్నాడు.